ముందు తారీఖు అడిగే మనిషి

అతను పోయాడు. ఫోన్ చేసింది అతని తమ్ముడు. "అన్న పోయిండమ్మా. మీ నంబరు ఆయన ఫోన్ల ఉన్నది, అందుకని చేసిన" అన్నాడు. నలభై అయిదేళ్ళు. నాకన్నా ఇరవై నాలుగేళ్ళు చిన్న. ఏ రోజు, ఎన్ని గంటలకు అని అడిగాను. "మొన్న బేస్తారం పొద్దుగాల చూసేసరికే లేడమ్మా. ఎన్నింటికి పోయిండో ఎవ్వరికెరుక?" అన్నాడు.

ఈ వయసులో చావు కబురు కొత్త కాదు. వారానికొకటి వింటున్నాను, స్నానం చేసి నా పని చూసుకుంటున్నాను. ఈ కబురు విన్నాక మాత్రం కూర్చున్న కుర్చీలోంచి గంటసేపు లేవలేకపోయాను. ఎందుకో రాస్తాను. అతని పేరు మాత్రం రాయను. అతని మనుషులు ఇంకా ఖతర్‌లో పని చేసుకుంటున్నారు.

అతన్ని నేను ఎరిగింది దోహాలో, ప్రపంచ కప్పు పోటీలకు ఇంకా ఏడేళ్ళుందనగా. ముషైరిబ్ దగ్గర మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే క్రేన్లే. ఒకనాడు లెక్కపెడితే ముప్ఫై ఒకటి. నేను ఆ కంపెనీలో హాజరు విభాగం చూసేదాన్ని. ఏ సైట్లో ఏ మనిషి ఎన్ని గంటలకు డ్యూటీ ఎక్కాడు, ఎన్ని గంటలకు దిగాడు, ఎన్ని రోజులు సెలవు, ఇవన్నీ షీటు కట్టి నెలాఖరుకు సంతకం పెట్టడం నా పని. పన్నెండేళ్ళలో నా షీటు తప్పని ఎవరూ వెనక్కి పంపలేదు.

ఆ ఎండాకాలం కంపెనీ కొత్త సర్వర్ తెప్పించింది. ఆఫీసులోనూ సైట్లలోనూ కలిపి పాత కంప్యూటర్లు ఇరవై మూడు. కొత్త నెట్‌వర్క్‌లో ఒక్కటీ చేరలేదు. పాస్‌వర్డ్ కొడితే తప్పంటాయి. రెండోసారి కొడితే సర్వరే లేదంటాయి. దాన్ని అమర్చడానికి వచ్చిన ఇంజినీర్లు ఇవి పాతవి, పారేయండి అని చెప్పి వెళ్ళిపోయారు. అప్పుడు పనివాళ్ళ క్యాంప్ నుంచి అతన్ని పిలిపించారు.

జగిత్యాల దిక్కు మనిషి. ఖతర్‌కు వచ్చింది ఇనుప కడ్డీలు కట్టే పనికి. క్యాంప్‌లో నాలుగు వందల మంది ఫోన్లు బాగుచేసీ చేసీ, కంపెనీ కంప్యూటర్ల దాకా ఎదిగాడు. కడ్డీలు వంచిన వేళ్ళు, చాలా లావు. ఆ వేళ్ళతో అంత చిన్న మరలు ఎలా తీస్తాడా అనుకున్నాను. తలుపు బయట చెప్పులు విడిచాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నా కంప్యూటర్ పెట్టెను కిందికి దింపి, నేల మీద మఠం వేసుకుని, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మేడమ్, ఇయ్యాల ఏ తారీఖు?"

చెప్పాను.

"మీరు చెప్పిండ్రు. మల్ల దీన్నడుగుండ్రి."

తెర మీద మూల చూశాను. జనవరి ఒకటి, రెండు వేల రెండు అని ఉంది. పాత సర్వర్ ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే అదే తారీఖు దిద్దిపెట్టేదట. పన్నెండేళ్ళు నేను తారీఖులు వేసుకున్న యంత్రానికి తారీఖు తెలియదు.

అతను లోపలి నుంచి బిళ్ళంత బ్యాటరీ ఊడదీసి, చొక్కాకు తుడిచి, నాలుక మీద పెట్టుకున్నాడు. "సప్పగున్నది. సచ్చింది" అన్నాడు. జేబులోంచి కొత్తది తీసి, దాన్నీ నాలుక మీద పెట్టి, తల ఊపి, లోపల కూర్చోబెట్టాడు. తారీఖు దిద్దాడు. పాస్‌వర్డ్ కొట్టమన్నాడు. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో చేరిపోయింది.

"ఏమయ్యా, తారీఖు తప్పితే సర్వర్‌కేమిటి నొప్పి?" అన్నాను.

"కొత్త సర్వర్ మా ఊరి రేషన్ డీలర్ అసొంటోడు మేడమ్. అయిదు నిమిషాలు అటిటైతే చాలు, నీ కార్డు చెల్లది, నువ్వు దొంగవు పో అంటడు."

"అయిదు నిమిషాలకా!"

"అయిదుకే. అచ్చం మీ అసొంటోడు." మోచేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. చేతికి మసి ఉంటుంది కాబట్టి ఎప్పుడూ మోచేతి చాటునే నవ్వేవాడు.

'చెడిపోయింది' అనే మాట అతని నోట నేను వినలేదు. 'అలిగింది' అనేవాడు. తారీఖు పోతే 'మరిచింది' అనేవాడు. పాత కంప్యూటర్‌ను 'ముసల్ది' అనేవాడు. "ఈ ముసల్ది ఒక పట్టాన మాటినది" అంటుండగా నేను గదిలోకి వస్తే, లేచి నిలబడి, "మిమ్మల్ని కాదు మేడమ్" అనేవాడు. ఆ అంతస్తంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నాకు ఇంట్లో కూడా అంతగా నవ్వే అలవాటు లేదు.

పదకొండు రోజుల్లో ఇరవై రెండు చేర్చాడు. మిగిలింది ఒకటి.

అది ఉమ్ సలాల్ దాటాక, రోడ్డు వేస్తున్న సైట్లో, గేటు దగ్గరి రేకుల గదిలో ఉండేది. పక్కన చిన్న డబ్బా. పనివాళ్ళు పొద్దున దాని మీద వేలు పెట్టి లోపలికి వెళ్ళాలి, సాయంత్రం వేలు పెట్టి బయటికి రావాలి. వేళ కంప్యూటర్‌లో పడుతుంది. ఆ కంప్యూటర్ అన్నిటికన్నా పాతది. "దీని మాట సర్వర్‌కు తెల్వది, సర్వర్ మాట దీనికి రాదు" అన్నాడు. బ్యాటరీ కూర్చునే గూడు కూడా విరిగింది. జనరేటర్ ఆగిందంటే చాలు, మళ్ళీ జనవరి ఒకటి రెండు వేల రెండుకు పోతుంది. కొత్తది వచ్చేదాకా ఆ సైట్ హాజరు ఫోర్‌మన్ కాగితం మీద రాసి పంపుతాడని ఆర్డర్ వేశారు. ఫోర్‌మన్ రాసి పంపాడు. నేను కూడి షీటు కట్టాను.

గేటు దగ్గరి డబ్బాను మాత్రం ఎవరూ తీయలేదు. పనివాళ్ళు అలవాటు కొద్దీ వేలు పెడుతూనే ఉన్నారు. "పాపం అది రాస్తనే ఉన్నది మేడమ్, ఎవ్వలు సదువకున్నా" అన్నాడు ఒకసారి. అదేదో తన ఇంటి మనిషి సంగతైనట్టు చెప్పాడు.

అలా ఉండగా ఒక ఆదివారం ఆ సైట్ పనివాడు ఒకడు పోయాడు. నిర్మల్ జిల్లా. షట్టరింగ్ కార్పెంటర్, కాంక్రీటుకు చెక్కలు బిగించే పని. ముప్ఫై రెండేళ్ళు. నాలుగు రోజులుగా జ్వరం, క్యాంప్ గదిలో విశ్రాంతిలో ఉండగా నిద్రలో పోయాడు అని కంపెనీ రాసింది. ఫోర్‌మన్ కాగితంలో గురువారం నుంచి ఆదివారం దాకా 'విశ్రాంతి' అనే ఉంది. ఆ సాయంత్రమే మేనేజర్ అతని ఒక్కడి షీటు అడిగాడు. కట్టి, సంతకం పెట్టి ఇచ్చాను.

మర్నాడు ఈ జగిత్యాల మనిషి వచ్చి నా టేబుల్ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఒళ్ళో ఏ కంప్యూటరూ లేదు.

"మేడమ్, ఆయన భార్య ఫోన్ చేసింది. ఏమన్నదో చెప్పాల్నా?"

"చెప్పు."

"'అన్నా, కంపెనోళ్ళు రూమ్ల పండుకొని పోయిండంటున్నరు. శనివారం పొద్దుమూకి నాతోని మాట్లాడిండు. రేపు పొద్దుగాలనే డ్యూటీ ఉన్నదని పెట్టేసిండు. డ్యూటీకి పోయిండా పోలేదా, అది ఒక్కటి చెప్పున్రి' అన్నది."

డ్యూటీలో పోయాడని కంపెనీ కాగితం ఇస్తే ఆమెకూ ఇద్దరు పిల్లలకూ పరిహారం వస్తుంది. లేకపోతే విమానంలో పెట్టె, దాని వెనక ఒక సంతాపం ఉత్తరం. అంతే. అది మా ఇద్దరికీ తెలుసు.

"గేటు కాడి ముసల్దానికి ఎరుకుంటది మేడమ్. కాని దానికి తారీఖు తెల్వది. మీకు తెలుసు."

మంగళవారం ఇద్దరం కంపెనీ పికప్‌లో వెళ్ళాం. ఆ గదిలో వేడి మొహాన కొట్టింది. అతను తెర మీద ఆ కార్పెంటర్ వరస తీశాడు. ఆఖరి వేలు: ఫిబ్రవరి రెండు, రెండు వేల రెండు, సాయంత్రం ఆరూ పది. దాని తర్వాత దిగిన వేలు లేదు.

ఏ సైట్లో జనరేటర్ ఆగినా, మళ్ళీ వచ్చినా నాకు ఫోన్ చేసి చెప్పాలి. నేను నా పుస్తకంలో రాసుకుంటాను. ఆ సైట్లో ఆఖరిసారి కరెంటు తిరిగొచ్చింది ఒక మంగళవారం. అంటే దానికి ఆ మంగళవారమే జనవరి ఒకటి. అతను వేళ్ళ గణుపుల మీద లెక్కపెట్టాడు. ముప్ఫై మూడో రోజు. శనివారం.

అతని మొహం వాడిపోయింది. శనివారం ఆఖరి వేలంటే, మిగతా రోజుల మాట ఎలా ఉన్నా, ఆదివారం డ్యూటీకి పోలేదన్న కంపెనీ మాటే నిజం.

"ఆగు. కరెంటు వచ్చింది పొద్దున పదీ నలభైకి. దానికి అప్పుడే రోజు మొదలు. పది గంటల నలభై నిమిషాలు కలపాలి" అన్నాను.

సాయంత్రం ఆరూ పదికి పదీ నలభై కలిపితే తెల్లవారి నాలుగూ యాభై. శనివారం కాస్తా ఆదివారమైంది. ఆదివారం పొద్దున నాలుగూ యాభైకి ఆ మనిషి వేలు పెట్టి గేటు లోపలికి వెళ్ళాడు. మళ్ళీ వేలు పెట్టలేదు.

బయట రోలర్ చప్పుడు. అతను వరసను పైకి జరిపాడు. శనివారం ఉంది. శుక్రవారం ఉంది. గురువారం ఉంది. జ్వరంతో పడుకున్నాడన్న రోజులవి. ఇంకా పైకి జరిపాడు. అంతకు ముందు శుక్రవారం ఉంది. దాని ముందు శుక్రవారమూ ఉంది. మంగళవారం మొదలు ఆ ఆదివారం దాకా ముప్ఫై నాలుగు రోజులు. ఒక్కటంటే ఒక్క రోజు ఖాళీ లేదు. నా షీటులో అదే మనిషికి నాలుగు శుక్రవారాల సెలవు, నాలుగు రోజుల విశ్రాంతి ఉన్నాయి. ఎనిమిది రోజులు. నా చేత్తో కొట్టాను. మొత్తం సరిపోయింది. సరిపోయేటట్టు రాసి పంపిన కాగితాన్ని కూడితే సరిపోక ఏమవుతుంది?

అతను నా వైపు చూడలేదు. ఫోన్ తీసి తెరకు ఏడు ఫోటోలు తీశాడు. తర్వాత నా పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, వచ్చీరాని అక్షరాలతో ఆ ముప్ఫై నాలుగు రోజులూ అసలు తారీఖులతో దించాడు. గంటన్నర పట్టింది.

"మేడమ్, కింద మీ సంతకం పెట్టుండ్రి. మీ సంతకం ఉంటే ఎవ్వడు కాదనడు."

నేను పెట్టలేదు.

తెర మీది వేళకు పదీ నలభై కలిపితే నా చేతి గడియారం కన్నా ఏడు నిమిషాలు తక్కువ వచ్చింది. ఆ ఏడు నిమిషాలు ఎక్కడ పోయాయో తెలియకుండా సంతకం పెట్టడం నాకు చేతకాలేదు. గురువారం మళ్ళీ వచ్చి చూస్తే అది రోజుకెంత వెనకబడుతోందో తేలుతుంది, అప్పుడు పెడతాను అన్నాను. ఆ కాగితం మీద సంతకం పెడితే నా షీటు అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు. ఆ భయం కూడా ఉంది. ఎంత ఉందో ఇప్పుడు చెప్పలేను, ఉంది.

"నిమిషాలతోని ఏం పని మేడమ్? మనిషే పోయిండు" అన్నాడు.

"రెండు రోజులేనయ్యా."

"సరే మేడమ్."

బుధవారం నేను సైట్ ఫోర్‌మన్‌కు ఫోన్ చేశాను. గురువారం దాకా జనరేటర్ ఆపవద్దని చెప్పాను. ఎందుకు అని అడిగాడు. చెప్పాను. గేటు కంప్యూటర్‌లో చనిపోయిన మనిషి వేళలున్నాయి, గడియారం సరిచూసుకోవాలి అని, అడిగిన మాటకు ఉన్న జవాబు చెప్పినట్టు చెప్పాను. అలా చెప్పకూడదని నాకు తట్టనే లేదు. ఇది రాస్తుంటే ఈ వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోతోంది.

గురువారం పొద్దున వెళ్ళేసరికి టేబుల్ ఒక్కటే ఉంది. టేబుల్ మీద దుమ్ము, దుమ్ము మధ్యలో శుభ్రంగా నలుపలకల చోటు. డబ్బా కూడా లేదు, గోడకు రెండు మేకు రంధ్రాలు మిగిలాయి. నెట్‌వర్క్‌లో చేరని కంప్యూటర్లన్నీ తీసేయమని ఆర్డర్ వచ్చిందనీ, బుధవారం సాయంత్రమే లారీ వచ్చి పట్టుకుపోయిందనీ కాపలా మనిషి చెప్పాడు. అటువంటిది కంపెనీ మొత్తం మీద ఒకటే ఉంది.

అతను వెళ్ళి ఆ శుభ్రమైన చోట అరచెయ్యి ఆనించాడు. నేను పక్కనే ఉన్నా లెక్కచేయకుండా ఆ బల్ల మీదే కూర్చున్నాడు. పనిచోట అతను నేల మీద కాకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

"ఎవరికన్న చెప్పిండ్రా మేడమ్?"

"ఫోర్‌మన్‌కు."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మరి ఆ ఏడు నిమిషాలు దొరికినయా మేడమ్?" అన్నాడు.

పికప్‌లోనే కాగితం తీసుకుని సంతకం పెట్టాను. తారీఖు వేశాను. నేరుగా మేనేజర్ గదికి వెళ్ళాం. మేనేజర్ మా గోదావరి జిల్లాల వాడే. నెమ్మదైన మనిషి, ఎవరినీ గట్టిగా అనడు.

"రండి మేడమ్ గారూ, కూర్చోండి. ఎండన పడి వచ్చినట్టున్నారు, మజ్జిగ చెప్పనా?"

వద్దన్నాను. అతను తలుపు దగ్గర వట్టి కాళ్ళతో నిలబడి ఫోన్ అందించాడు. మేనేజర్ ఏడు ఫోటోలూ ఒక్కొక్కటే చూశాడు.

"ఫిబ్రవరి రెండు, రెండు వేల రెండు అని ఉందండీ. అప్పటికి మన కంపెనీయే పుట్టలేదు. ఈ అబ్బాయి ముందే వచ్చి డ్యూటీ ఎక్కేశాడంటారా?" అని నవ్వాడు.

లెక్క వివరించాను. శ్రద్ధగా విన్నాడు. "బాగానే ఉందండీ. ఏదీ, ఆ మిషను చూపించండి" అన్నాడు. అప్పుడు సొరుగు తీసి, ఆదివారం నేనిచ్చిన షీటు బయటికి తీసి, నా కాగితం పక్కన పెట్టాడు.

"ఇది మీ సంతకమే కదండీ. ఇదీ మీ సంతకమే. రెండిట్లో ఏది చింపమంటారో మీరే చెప్పండి."

షీటు చూపించడానికి నా వేలు లేచింది.

"షీటే తప్పంటే, పన్నెండేళ్ళ షీట్లూ బయటికి తియ్యాలండీ. ఎన్ని వందల సంతకాలో. వచ్చే నెల మీ వీసా రెన్యూవల్ కూడా ఉన్నట్టుంది."

నేను నా కాగితం తీసుకున్నాను. నాలుగు మడతలు పెట్టాను. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. ఇంతకన్నా మర్యాదగా రాయడానికి నా దగ్గర మాట లేదు. అది చేసింది నేను. తలుపు దగ్గర నిలబడి అతను చూశాడు.

బయటికి వచ్చాక అతను చెప్పులు తొడుక్కుంటుంటే ఫోన్ మోగింది. ఎవరో ఇద్దరికీ తెలుసు. పక్కకు వెళ్ళకుండా నా ఎదుటే ఎత్తాడు.

"ఆఁ చెల్లె... పోయిండు చెల్లె. డ్యూటీకే పోయిండు. ఆదివారం పొద్దుగాల నాలుగూ యాభైకి వేలు పెట్టి లోపలికి పోయిండు. నా కండ్లతోని చూసిన... కాగితమా? కాగితం ఇయ్యరట చెల్లె." ఆగాడు. నా వైపు చూశాడు. "కాదు, ఉత్తగ చెప్తలేను. ఇక్కడ మా పెద్ద మేడమ్ ఒకామె ఉన్నది. ఆమె లెక్క ఎన్నడు తప్పది. ఆమెనే లెక్కగట్టి చెప్పింది. మాట్లాడుతవా?"

ఫోన్ నాకు చాపాడు. అందులో ఎటకారం ఉందేమోనని అతని మొహం వెతికాను. లేదు. నిజంగానే ఇచ్చాడు. నేను తల అడ్డంగా ఊపి, మెట్ల వైపు నడిచాను.

ఆ తర్వాత రెండేళ్ళు ఒకే ఆఫీసులో ఉన్నాం. నా కంప్యూటర్ అలిగినప్పుడల్లా వచ్చాడు, నేల మీద కూర్చుని బాగుచేశాడు, వెళ్ళాడు. ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. మోచేతి చాటున నవ్వడం నాకు మళ్ళీ కనపడలేదు. నా ఎదుట నవ్వలేదేమో.

మొన్న అతని తమ్ముణ్ణి అడిగితే, అన్న ఫోన్‌లోంచి ఆ నిర్మల్ ఆమె నంబరు తీసి ఇచ్చాడు. నిన్న పొద్దున పదకొండు గంటలకు చేశాను. ఎవరని చెప్పుకోవాలో తెలియక, మీ ఆయన పనిచేసిన కంపెనీలో హాజరు రాసేదాన్ని అన్నాను. ఆమె గొంతు వెంటనే మారింది. "అన్న చెప్పిన మేడమా? లెక్క తప్పని మేడమ్ మీరేనా?" అంది.

అవునన్నాను.

ఆమె, కోపంగా కూడా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

"మరి కాగితం ఎందుకియ్యలేదమ్మా?"